స్ట్రాబెర్రీ సర్జన్ నెహెమ్యా అన్న

నెహెమ్యా అన్నకు ఏ పని చెప్పినా అది ఆపరేషన్ అయిపోతుంది. గుమ్మడికాయ కోయమన్నా అంతే, గడియారానికి బ్యాటరీ వేయమన్నా అంతే. ముందు చేతులు మోచేతుల దాకా సబ్బుతో రుద్దుకోవాలి. ఆ చేతులు దేన్నీ తాకకుండా పైకెత్తి పట్టుకుని నిలబడాలి. తువ్వాలు మనం అందించాలి. తర్వాత పనిముట్లు వేడినీళ్లలో మరగాలి. ఇదంతా అయ్యేసరికి గుమ్మడికాయ పులుసు తిందామనుకున్నవాళ్లు మజ్జిగన్నం తిని పడుకునుంటారు.

ఆయన ఒక మిషన్ ఆసుపత్రి ఆపరేషన్ థియేటర్లో ముప్పై ఒక్క సంవత్సరాలు డాక్టర్లకు కత్తులూ కత్తెరలూ అందించి, 1996లో రిటైరై, మదనపల్లెలో మా వీధి చివరే ఇల్లు కట్టుకున్నాడు. ఆసుపత్రి వాళ్లు పూలదండ వేసి పంపించేశారు. ఆయన మాత్రం ఆసుపత్రిని చంకలో పెట్టుకుని తెచ్చేసుకున్నాడు. ఆడవాళ్లెవరైనా ఆయనకు సిస్టరమ్మే. మగవాళ్లలో నచ్చినవాళ్లు డాక్టరుగార్లు, నచ్చనివాళ్లు పేషంట్లు.

పుంగనూరులో మా చెల్లెలు ఉషారాణి కూతురి ప్రధానం నాడు ఒక పనసపండు తెచ్చారు. పనస కోయడం అందరికీ చేతకాదు కదా అని ఎవరో నోరు జారారు. నెహెమ్యా అన్న చేతులు కడుక్కోవడానికి వెళ్లిపోయాడు. డెట్టాల్ దూదితో పండంతా తుడిచాడు. తెల్లగుడ్డ కప్పి, మధ్యలో జానెడు మేర మాత్రం కనబడేట్టు వదిలి, అక్కడ నీలం పెన్నుతో గీత గీశాడు. వెలుతురు చాలలేదన్నాడు. పెళ్లికొడుకు తండ్రి నలభై నిమిషాలు టార్చిలైటు పట్టుకుని వంగి నిలబడ్డాడు. చివరికి తొనలు పళ్లెంలోకి వచ్చాయి. ఒక్కటీ చితకలేదు. అన్నీ డెట్టాల్ వాసనే. పెళ్లికొడుకు వాళ్లు మర్యాదస్తులు కాబట్టి తలా నాలుగు తిన్నారు.

ఇంకొక తంటా ఆయన లెక్క. ఆపరేషన్లో కడుపు కుట్టేసే ముందు కత్తులూ గుడ్డలూ ఎన్ని లోపలికి పోయాయో అన్నీ బయటికి వచ్చాయా అని పైకి లెక్కపెడతారట. తప్పితే కుట్టకూడదట. చర్చిలో హార్మోనియం పాడైతే ఈయన విప్పి బాగుచేశాడు. విప్పిన మరలు ఇరవై రెండు, మళ్లీ బిగించడానికి చూస్తే ఇరవై ఒకటి. ఆదివారం, ఆరాధన అప్పుడే ముగిసింది. నెహెమ్యా అన్న వెళ్లి చర్చి తలుపు మూసేసి, లెక్క తేలేదాకా ఎవరూ కదలకూడదన్నాడు. అరవై మందిమి. పాస్టరు అయ్యగారు చెప్పులు విప్పి దులిపి చూపించారు. ఆడవాళ్లం కొంగులు దులుపుకున్నాం. గంట తర్వాత ఆ ఇరవై రెండో మర ఆయన నోట్లోనే దొరికింది. పోతుందని పళ్ల మధ్య పెట్టుకున్నాడు. గంటసేపు పళ్లు బిగబట్టి అందరినీ తిట్టాడే, అప్పుడైనా మాకు అనుమానం రావలసింది.

ఇలాంటి మనిషి నా లాన్ లోకి దిగాడు.

ఆ లాన్ సంగతి చెప్పాలి. మా ఆయన ప్రకాష్ బాబు కరెంటాఫీసులో పనిచేసేవాడు. బెంగళూరు నుంచి గోనెసంచిలో మెత్తటి గడ్డి తెచ్చి ఇంటి ముందర తన చేత్తోనే పరిచాడు. ఇరవై కుర్చీలు పట్టేంత జాగా. సాయంత్రమైతే రేడియో పక్కన పెట్టుకుని దాని మీదే వెల్లకిలా పడుకునేవాడు. లోపల నిక్షేపంలాంటి మంచం ఉంటే ఈ చీమల్లో ఏం సుఖమో నాకు అర్థమయ్యేది కాదు. తర్వాత 1995లో హార్సిలీ కొండ మీద కరెంటు పనికి వెళ్లి, అక్కడి వాచ్‌మన్ ఇచ్చాడని హార్లిక్స్ డబ్బాలో ఒక మొక్క తెచ్చాడు. అడివి స్ట్రాబెర్రీ. మూడు ఆకులు, పసుపు పువ్వు, బఠాణీ గింజంత ఎర్రటి పండు. జామ్ చేసుకోవచ్చన్నాడు. ఆ పండు తింటే నీళ్లు నమిలినట్టుంటుంది. తీగ మాత్రం కణుపు కణుపుకూ వేరు దింపుకుంటూ లాన్ లోకి నడిచింది. రెండేళ్లకు ఆయనే చాకు పట్టుకుని, చర్చి నుంచి రాగానే పీకుతూ కూర్చునేవాడు. లాన్ ఆయన ఇష్టం, స్ట్రాబెర్రీ ఆయన పొరపాటు.

2000 ఫిబ్రవరిలో ఆయన పోయాడు. నేను ముందు తలుపు మూసే ఉంచేదాన్ని. పాలు పోసే రెడ్డెమ్మ కూడా పెరటి వైపు వచ్చి గిన్నెలో పోసి పోయేది. జూన్ లో ఒకరోజు కిటికీ లోంచి చూస్తే గడ్డి కనబడలేదు. గోడ నుంచి గోడకు స్ట్రాబెర్రీ ఆకులే. ఏడాది తిరిగేసరికి జ్ఞాపకార్థ కూటము పెట్టాలి కదా. చర్చి హాల్లో పెడదామని ఉషారాణి అంటే, వద్దు, ఆయన పరిచిన గడ్డి మీదే పెట్టాలన్నాను. గడ్డి ఏదీ అని అడిగింది. ఫిబ్రవరికల్లా వస్తుందని చెప్పాను. ఆ ఒక్కటీ సరిగ్గా జరిగితే చాలనుకున్నాను.

ఆ మాట ఎవరు మోశారో గానీ, మర్నాడు పొద్దున సరిగ్గా ఆరింటికి ముందు తలుపు బెల్లు మోగింది. తీయలేదు. మళ్లీ మోగింది. ఆగకుండా మోగుతూనే ఉంటే తీయక తప్పలేదు. నెహెమ్యా అన్న రెండు చేతులూ పైకెత్తి పట్టుకుని ఉన్నాడు. బెల్లు మోచేత్తో నొక్కుతున్నాడు.

"పేషంటును చూసినా సిస్టరమ్మా. ఒళ్లంతా పాకిపోయుండాది. పది దినాల్లో శుభ్రం చేస్తా. తువ్వాలు తే."

కూలి మనుషులను పెట్టుకుంటానన్నాను. ఆయన నన్ను చాలా జాలిగా చూశాడు. కూలోళ్లు పైన ఆకు తెంపి పోతారనీ, లోపల వేరు ఉండిపోతుందనీ, కడుపులో కత్తెర మరిచి కుట్టేసినట్టే అవుతుందనీ చెప్పాడు. తర్వాత సంచి లోంచి పటకారులాంటి ఒక చిమటా, ఒక చిన్న కత్తి, ఒక వంకర ట్రే తీసి నాకిచ్చి మరిగించుకుని రమ్మన్నాడు.

మరిగించి తెచ్చాను. ట్రే అక్కడ పెట్టి లోపలికి పోబోయాను.

"యాడికి? ట్రే ఎవురు పట్టుకుంటారు? లెక్క ఎవురు చెప్తారు?"

అట్లా మొదలైంది. ఆయన గొంతుక్కూర్చుని చిమటాతో ఒక్కొక్క పిలకనూ వేరుతో సహా లాగి ట్రేలో పడేస్తాడు. నేను పక్కన నిలబడి ఒకటి, రెండు, మూడు అనాలి. నాలుగు నెలలుగా పెద్దగా ఎవరితోనూ మాట్లాడకుండా ఉన్నదాన్ని, అంకెలు నోట్లోంచి సరిగ్గా రాలేదు.

"గట్టిగా సెప్పల్ల. థియేటర్లో గొణిగితే పేషంటు సస్తాడు."

గట్టిగా చెప్పాను. ఇంకా గట్టిగా అన్నాడు. నలభై రెండు దగ్గరికొచ్చేసరికి ఎదురింటి వాళ్లు కిటికీ తెరిచి చూశారు. సిగ్గుతో చచ్చిపోయాను. ఆయన చిమటా ఎత్తి వాళ్లకు నమస్కారం పెట్టాడు.

పది రోజులు కాస్తా నెల అయింది. ప్రతిరోజూ ఆరింటికి బెల్లు. ఆదివారం మాత్రం ఐదున్నరకే, ఎందుకంటే ఆరాధనకు పోవాలి. వానొచ్చినా వదల్లేదు. గొడుగు నేను పట్టాలి, ట్రే నేనే పట్టాలి. గొడుగు ఆయనకు కాదు, పేషంటుకు. వాన చినుకులు పడితే మన్ను అడ్డం వచ్చి వేరు కనబడదట.

పైగా తిండి ఒకటి. పేషంటు ఖాళీ కడుపుతో ఉండాలి, డాక్టరు నిండు కడుపుతో ఉండాలి అని ఆయన చెప్పిన రూలు. అందుకని నేను పొద్దున్నే దోసెలు పోయాలి, శనక్కాయల చట్నీ చేయాలి. అంతటితో పోలేదు. ఎప్పుడో 1974లో ఒక నర్సు తినకుండా వచ్చి కళ్లు తిరిగి పేషంటు మీదే పడిపోయిందట. కాబట్టి ట్రే పట్టుకునే మనిషి కూడా ఆయన కళ్ల ముందరే తినాలి. ఒక దోసె తిని చాలంటే ఒప్పుకునేవాడు కాదు. ఆ నర్సు ఒక దోసె తిన్నా పడిపోయేది కాదు కదా అంటే, ఆమె బరువు తక్కువ అనేవాడు. చట్నీలో ఉప్పు ఎక్కువైందనీ, తక్కువైందనీ పేర్లు పెట్టేవాడు. ఇరవై రెండేళ్ల కాపురంలో మా ఆయన కూడా నా చట్నీని ఇన్ని మాటలు అనలేదు.

వీధిలో ఇది ఒక వేడుకైపోయింది. వాకింగ్ పోయేవాళ్లు గేటు దగ్గర ఆగి, ఈరోజు ఎన్నమ్మా అని అడిగేవాళ్లు. నెహెమ్యా అన్న మాట్లాడేవాడు కాదు. ఆపరేషన్ మధ్యలో డాక్టరు మాట్లాడకూడదు కాబట్టి, చిమటాతో నా వైపు చూపించేవాడు. నేనే చెప్పాలి. ముప్పై ఒకటి. పద్దెనిమిది. వాళ్లు ఊరుకుంటారా, ఆ తర్వాత ఒంట్లో ఎలా ఉందనీ, పుంగనూరు చెల్లెలు వచ్చిందా అనీ అడిగేవాళ్లు. మొదట్లో విసుక్కుంటూ జవాబు చెప్పేదాన్ని. తర్వాత వాళ్ల మోకాళ్ల నొప్పులు నేనూ అడగాల్సి వచ్చింది.

నిజం చెప్పాలంటే వినాయక చవితి నాటికి లాన్ దాదాపు బాగైపోయింది. గడ్డి మళ్లీ పచ్చగా పరుచుకుంది. ఇక ఈయన పీడ వదిలిందనుకున్నాను. కానీ ఆ రోగం పూర్తిగా పోదు. పొద్దున చూస్తే మళ్లీ ఏడో ఎనిమిదో మొక్కలు. నిన్న శుభ్రంగా ఉన్నచోటే, మెట్ల పక్కనే. గోడ వారగా ఒక్కటీ ఉండదు. నెహెమ్యా అన్న వాటిని చూసి తల ఊపి, "సూసినావా, లోపలుండాది" అనేవాడు. క్రిస్మస్ పోయింది. కొత్త సంవత్సరం వచ్చింది. అవే ఏడు, అవే ఎనిమిది.

జనవరి ఆఖర్లో నాకు ఓపిక చచ్చిపోయింది. కూటానికి మూడు వారాలు కూడా లేదు. కుర్చీలకు చెప్పాలి, షామియానా గుంజలు ఎక్కడ పాతాలో చూడాలి. ఆరోజు మెట్ల పక్కన తొమ్మిది మొక్కలున్నాయి. ట్రే కింద పడేసి అరిచాను. ఆయన వల్ల కాదన్నాను. పది రోజులని ఎనిమిది నెలలు చేశాడన్నాను. ఆసుపత్రిలో కూడా ఇట్లాగే చేసుంటే ఆ డాక్టర్లు ఎట్లా భరించారో అన్నాను. ఎదురింటి కిటికీలు రెండూ తెరుచుకున్నాయి.

నెహెమ్యా అన్న బాధపడతాడనుకున్నాను. ట్రే తీసి, పడిన మొక్కలు ఏరుకుని, తొమ్మిదీ ఉన్నాయని నిదానంగా లెక్కచూసుకున్నాడు. తర్వాత మెట్ల మీద కూర్చుని, ఆరోజు నాలుగో దోసె అడిగాడు. ముఖంలో సంతోషం దాచుకోవడం కూడా చేతకాలేదు. ఈ మనిషికి తిట్లు కూడా పట్టవే అని ఇంకా మండిపోయింది నాకు.

ఆ వారంలోనే కుప్పం నుంచి ఆయన కూతురు తబిత వచ్చింది. నాన్నకు కంట్లో పొర వచ్చింది, ఆపరేషన్ చేయిస్తానని బస్సెక్కించింది. ఎక్కే ముందు ఆయన పనిముట్లన్నీ నాకు అప్పగించి, ఒక్కొక్కటీ నాచేత పేరు చెప్పించుకున్నాడు. తాను లేనప్పుడు పేషంటుకు ఏమైనా అయితే పూచీ నాదన్నాడు. కుప్పంలో కంటి డాక్టరు పనిముట్లు లెక్కపెట్టుకుంటాడా లేదా అని బస్సు కదిలేదాకా దిగులుపడ్డాడు.

మర్నాడు ఆరింటికి అలవాటు కొద్దీ ట్రే పట్టుకుని బయటికి వచ్చాను. ఒక్క మొక్క లేదు. రెండో రోజూ లేదు. వారం రోజులు చూశాను. మోకాళ్ల మీద కూర్చుని గడ్డిని వేళ్లతో పాపిడి తీసి తీసి వెతికాను. స్ట్రాబెర్రీ అన్నమాటే లేదు. డాక్టరు ఊళ్లో లేకపోయేసరికి పేషంటు కోలుకున్నాడు.

ఎనిమిదో రోజు రెడ్డెమ్మ పాలు తెచ్చినప్పుడు ఈ వింత చెప్పాను. ఆమె చెంబు దించి నన్ను ఎగాదిగా చూసింది.

"నాటే మనిషి ఊళ్లో లేకపాయె. యాల మొలుస్తాది?"

"ఎవరు నాటేది?"

"నెహెమ్యప్పే గదా. తెల్లారక ముందే సంచిలో తెస్తాడు. మెట్లకాడ నాటి, చేతులు కడుక్కోని, మల్లా బెల్లు కొడతాడు. దినామూ సూస్తాండా."

ఎప్పటి నుంచి అని అడిగాను. వినాయక చవితి అప్పటి నుంచి అంది. ఇన్ని నెలలు నాకు ఒక్క మాట ఎందుకు చెప్పలేదని గట్టిగానే అడిగాను. రెడ్డెమ్మకు కోపం వచ్చింది.

"నాకేం తెలుసమ్మా. మీ చర్చిలో ఏమన్నా మొక్కుబడేమో అనుకుంటి. ఆయప్ప నాటేది, నువ్వు పీకించేది. ఒకనాడు ఉండలేక అడిగినా. ఎందుకప్పా ఈ పని అంటే, 'పని అయిపోతే ఆయమ్మ మల్లా తలుపు మూస్తాది' అనె. తలుపు మూస్తే ఏమైతాదో నాకు అర్థం కాలే. పాలు పట్టుకో, పొద్దెక్కతాండాది."

గిన్నె పట్టుకున్నాను. పాలు పోసి ఆమె వెళ్లిపోయింది. పాలు పొయ్యి మీద పెట్టాను. ముందు కోపమే వచ్చింది, అబద్ధం ఎందుకు చెప్పాలి. వర్షంలో గొడుగు పట్టుకున్నది గుర్తొచ్చింది. గట్టిగా అరిచి చెప్పిన అంకెలు గుర్తొచ్చాయి. నాలుగో దోసె కూడా గుర్తొచ్చి, ఒక్కదాన్నే వంటింట్లో నవ్వాను.

ఫిబ్రవరి పద్దెనిమిదిన కూటము లాన్ మీదే జరిగింది. గడ్డి తివాచీలా ఉంది. కుర్చీలు చాలక చాలామంది గడ్డి మీదే కూర్చున్నారు. మా ఆయన ఎప్పుడూ పడుకునే చోట చిన్నపిల్లలు కూర్చుని పాటలు పాడారు. నేను అనుకున్నట్టే జరిగింది, అంతకంటే బాగానే జరిగింది. నెహెమ్యా అన్న నల్ల కళ్లద్దాలు పెట్టుకుని కుప్పం నుంచి నేరుగా వచ్చాడు. ఆపరేషన్ బల్ల మీద పడుకుని కూడా పనిముట్ల లెక్క పైకి చెప్పమన్నాడనీ, చివరికి ఆ డాక్టరు నవ్వుతూ చెప్పాడనీ తబిత అందరికీ చెప్పింది. ఆయన లాన్ ను ఒక మూల నుంచి ఇంకో మూలకు చూశాడు. నా ముఖం వైపు చూడలేదు.

"నయమైపోయినట్టుండాది" అన్నాడు.

"అవునన్నా" అన్నాను. తెలిసినట్టు బయటపడలేదు.

మర్నాడు ఆరైంది. బెల్లు మోగలేదు. దోసెల పిండి పొంగి గిన్నె అంచుకు వచ్చింది. ఆ మర్నాడూ మోగలేదు. మూడో రోజు నేనే టిఫిను డబ్బా తీసుకుని వాళ్లింటికి వెళ్లాను. ముందు తలుపు మూసుంది. తోస్తే తెరుచుకుంది. పొద్దున ఎనిమిదైనా కిటికీలు తీయలేదు. ఆయన నల్లద్దాలతో కుర్చీలో గోడకేసి కూర్చుని ఉన్నాడు. చేతులు ఒళ్లో ఉన్నాయి. నెల రోజులు వంగకూడదన్నారట. ఏ పనీ లేదు. తబిత కుప్పానికి వచ్చి ఉండమంటోందనీ, ఈడ మాత్రం ఏం పని ఉండాదిలే అనీ చెప్పాడు. చట్నీకి పేరు కూడా పెట్టలేదు. అది చూసి నాకు భయం వేసింది.

చేయి కడుక్కోవాలని పెరట్లోకి వెళ్లాను. గోడ వెంబడి పాలపొడి డబ్బాలు పదకొండు, వరుసగా. ఒక్కో డబ్బాకు నంబరు చీటీ. అన్నింట్లో స్ట్రాబెర్రీ మొక్కలే, నిగనిగలాడుతూ. ఒక డబ్బా లోంచి రెండు పిలకలు పీకి, ఖాళీ టిఫిను డబ్బాలో పెట్టి మూత బిగించాను. నలభై ఆరేళ్ల వయసులో నా మొదటి దొంగతనం.

ఇంటికి వచ్చి, వంట ముగించి, మిట్టమధ్యాహ్నం మెట్ల పక్కన గడ్డి తప్పించి వాటిని నాటాను. మా ఆయన చూస్తే నన్నేమనేవాడో. మర్నాడు పాలకొచ్చిన రెడ్డెమ్మతో, రోగం తిరగబెట్టిందని ఆయనకు చెప్పమన్నాను. రెడ్డెమ్మ మెట్ల వైపు చూసి, నా చేతి గోళ్లలో ఇంకా పోని మన్ను చూసి, మా చర్చి గురించి ఇక అడగదలుచుకోలేదన్నట్టు వెళ్లిపోయింది.

పావుగంటలో బెల్లు మోగింది. మోచేత్తో నొక్కిన బెల్లే. నల్లద్దాలు, పైకెత్తిన చేతులు. వంగకూడని మనిషి కాబట్టి చిమటా నేను పట్టుకుని గొంతుక్కూర్చున్నాను. ట్రే ఆయన పట్టుకున్నాడు. గబగబా లాగితే వేరు తెగుతుందనీ, ముప్పై ఒక్క సంవత్సరాల్లో ఇంత మొరటు చేయి చూడలేదనీ తిట్టాడు. ఒకటి అన్నాడు. రెండు అన్నాడు. వీధిలో పోయేవాళ్లు తిరిగి చూసేంత గట్టిగా అన్నాడు.

తర్వాత ట్రే కళ్లద్దాల దగ్గరికి తెచ్చుకుని ఆ రెండు మొక్కలనూ చాలాసేపు పరీక్షించాడు. ఆకులు వేలాడిపోయి ఉన్నాయి.

"సిస్టరమ్మా," అన్నాడు, ట్రే లోంచి తల ఎత్తకుండానే. "మిట్టమధ్యాన్నం నాటితే ఇట్లే వాడిపోతాది. పొద్దు వాలినాంక నాటల్ల. నాటినాంక చెంబుడు నీళ్లు పోయల్ల."

"సరే అన్నా," అన్నాను. "ఈ సాయంత్రం పోస్తాను."